మూడో మలుపు దగ్గర పసుపు టోపీ

నేను ఎక్స్‌రే టెక్నీషియన్ని. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఒకే ఆసుపత్రిలో, ఒకే గదిలో, వచ్చినవాళ్ళందరికీ అవే మూడు మాటలు చెబుతున్నాను. "ఇటు తిరగండి. కదలకండి. ఊపిరి బిగపట్టండి." అయ్యాక వాళ్ళందరూ నన్నడిగేదీ ఒక్కటే. "ఏముంది సార్?" దానికి నా జవాబు, "డాక్టరుగారు చెబుతారు." తీయడం మా పని, చదవడం మా పని కాదు. ఎముక రెండు ముక్కలై కళ్ళముందు కనిపిస్తున్నా సరే, ముఖంలో ఏమీ తెలియనివ్వకుండా "బయట కూర్చోండి" అనాలి. కొత్తలో కష్టంగా ఉండేది. పదేళ్ళు గడిచేసరికి అసలు చూడటమే మానేశాను. బొమ్మ నిటారుగా వచ్చిందా, మసక లేకుండా వచ్చిందా, అంతవరకే నా బాధ్యత.

ఇలాంటి మనిషి మోటారు పందేల ఫోటోలు తీస్తానని బయల్దేరితే ఏమవుతుందో ఆ ఎండాకాలం మా ఇంట్లో అందరికీ తెలిసొచ్చింది.

పందెంలో బండి నడిపేది మా అమ్మాయి. నడక వచ్చిన రోజునుంచే మేం దాన్ని పిడుగు అని పిలుస్తున్నాం, ఆ పేరు ఎప్పుడూ తప్పనిపించలేదు. ఇంజనీరింగు పూర్తిచేసి, వంతెనలు కట్టే కంపెనీలో ఉద్యోగం సంపాదించుకుని, చేరాల్సిన తేదీని బతిమాలి నాలుగు నెలలు వెనక్కి జరిపించుకుంది. జరిపించుకుని పైకప్పు లేని ఒంటి సీటు రేసు బండిలో కూర్చుంది. దానికీ వాళ్ళమ్మకీ ఒప్పందం. సీజన్లో ఐదు పందేలు, అన్నీ ఒకే ట్రాకు మీద. ఐదూ ముగిసేసరికి పాయింట్లలో మొదటి ముగ్గురిలో ఉంటే వచ్చే ఏడాది ఒక టైర్ల కంపెనీ జీతమిచ్చి తమ జట్టులోకి తీసుకుంటుంది. నాలుగో స్థానంలో ఉన్నా సరే, హెల్మెట్ అటకెక్కించి ఉద్యోగంలో చేరిపోవాలి. మా ఆవిడ ఆ ఉద్యోగం ఉత్తరాన్ని ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతంతో అంటించింది. మంచినీళ్ళు తాగాలంటే దాన్ని చూడక తప్పదు.

మా ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు. పరీక్ష హాల్లో ఆవిడ నడుస్తుంటే ఫ్యాను కూడా చప్పుడు చేయకుండా తిరుగుతుందని పిల్లలు చెప్పుకుంటారట. పందేలకి రమ్మంటే మాత్రం ససేమిరా అంది. "కన్నకూతురు ఎప్పుడు పల్టీ కొడుతుందా అని కంచె పట్టుకుని నిలబడటానికి నాకేమన్నా పిచ్చా" అనేసింది.

కెమెరా కొనమన్నది పిడుగే.

"అందరికీ ఫోటోలు తీసేవాళ్ళు ఉన్నారు నాన్నా. నాకే ఎవరూ లేరు."

"నేను లేనా. ముప్పై ఏళ్ళ అనుభవం."

"నువ్వు తీసేవి లోపలివి. నాకు బయటివి కావాలి."

ఆ మాటకొస్తే బయటివి తీయడం కూడా నాకు కొత్తకాదు. దాని మూడో నెలనుంచి కాలేజీ చివరి రోజుదాకా ఆల్బంలో ఉన్నవన్నీ నేను తీసినవే. "ఇటు చూడు, కదలకు, ఊపిరి బిగపట్టు." అన్నింట్లోనూ అది తిన్నగా నా వైపే చూస్తుంది. స్కూల్లో పరుగు పందెం ఫోటోలో సైతం, పక్కపిల్లలు గీత వైపు చూస్తుంటే మా పిడుగు నా వైపు చూసి నవ్వుతూ ఉంటుంది. ఆ పందెంలో అది ఆరోదో ఏడోదో వచ్చింది. ఫోటో బాగా కుదిరిందని ఆ రోజు నేను తెగ మురిసిపోయాను.

మొదటి పందానికి పసుపుపచ్చ టోపీ ఒకటి అదే తెచ్చి నా నెత్తిన పెట్టింది. "మూడో మలుపు దగ్గర నిలబడు నాన్నా. నువ్వెక్కడున్నావో తెలిస్తే నాకు ధైర్యంగా ఉంటుంది." అలాగే నిలబడ్డాను. ఎడమకి తిరిగే మలుపది. బయటివైపు, అంటే బండి నడిపేవాళ్ళ కుడిపక్క, టైర్ల గుట్ట వెనక ఇనప కంచె. ఆ కంచెలో నా కెమెరా ముక్కు పట్టేంత కంత ఒకటి చూసుకుని, సీజనంతా దాన్ని నా సొంత ఆస్తిలా కాపాడుకున్నాను.

ఆ రోజు రెండు వందల ఫోటోలు తీశాను. ప్రతిదానికీ నాకు తెలియకుండానే ఊపిరి బిగపట్టాను, సాయంత్రానికి తల దిమ్మెక్కిపోయింది. తెర మీద చూస్తే నాకు చూసినట్టుండదు కాబట్టి మంచివన్నీ వీధి చివర స్టూడియోలో ప్రింట్లు వేయించుకుని వచ్చి, భోజనాల బల్ల మీద పరిచాను. షట్టర్ ఎంత వేగంగా పెట్టానంటే టైరు మీద అక్షరాలు చదువుకోవచ్చు. చక్రం పుల్లలు లెక్కపెట్టుకోవచ్చు.

మా ఆవిడ ఒకటి తీసి చూసింది. "దీన్ని ఎక్కడ ఆపి తీశారు?"

"ఆపడమేంటి? గంటకి నూట నలభై మీద పోతోంది."

"ఇందులో చూస్తే దిగి కూరగాయలు కొనడానికి వెళ్ళినట్టుంది."

ఇంకో ఫోటో తీసింది. అందులో పిడుగు బండి రెండు చక్రాలు ట్రాకు దాటి మట్టిలో ఉన్నాయి, దుమ్ము లేచింది. ఆవిడ ఆ ఫోటోని బోర్లా పెట్టి, "ఇంకెప్పుడూ నాకు చూపించకండి" అని లోపలికి వెళ్ళిపోయింది. అప్పటినుంచి నా ప్రింట్లు బల్లకి ఆ చివర, ఆవిడ దిద్దే జవాబు పత్రాలు ఈ చివర. మధ్యలో కూరల గిన్నెలు సరిహద్దు.

ఫోటోలో బండి పరిగెత్తాలంటే ఏం చేయాలో నాకు నేర్పినవాడు పత్రికాయన. రెండో పందెంలో నా పక్క కంతలో ఆయన కెమెరా పెట్టుకున్నాడు. ఏదో పత్రికకి ఆటల ఫోటోలు తీస్తాడు, పళ్ళు ఊడినా హాస్యం ఊడని మనిషి. కాసేపు నన్ను గమనించాడు.

"సార్, మీరేం చేస్తుంటారు?"

"ఎక్స్‌రేలు తీస్తాను."

"అదీ సంగతి. బండిని కదలొద్దంటున్నారు మీరు. అది వినదు. మీరే కదలాలి. షట్టర్ నెమ్మది చేయండి. కాళ్ళు పాతేసి, నడుము తిప్పండి. బండితోపాటు తిరుగుతూ నొక్కండి, నొక్కాక కూడా తిరగడం ఆపకండి. బండి నిలుస్తుంది, వెనకదంతా గీతలు గీతలుగా పారిపోతుంది."

వినడానికి తేలికే. నా నడుము యాభై ఆరేళ్ళుగా ముందుకి తప్ప పక్కకి తిరిగిన పాపాన పోలేదు. మర్నాటినుంచి బాల్కనీలో నిలబడి వీధిలో వెళ్ళే సైకిళ్ళ మీద సాధన మొదలుపెట్టాను. పేపరు వేసే అతను రెండు రోజులు ఓపికపట్టి మూడో రోజు సైకిల్ ఆపి, "నేనేమన్నా తప్పు చేశానా సార్" అని అడిగాడు. ఆసుపత్రిలో, గదిలో ఎవరూ లేనప్పుడు, కెమెరా లేకుండా ఉత్త చేతులతో నడుము తిప్పుతుంటే ఒక పేషెంటు తలుపు తీసి చూసి, "నేను తర్వాత వస్తానండీ" అని వెనక్కి వెళ్ళిపోయాడు.

మూడో పందానికి వచ్చింది ఫోటో. ఎర్ర బండి, ఆకుపచ్చ హెల్మెట్, వెనకాల కంచె, టైర్లు, జనం అంతా కడిగేసినట్టు ఒకే గీత. హెల్మెట్ అద్దంలోంచి పిడుగు రెండు కళ్ళు తిన్నగా నా వైపు. నేను ఎగిరి గంతేశాను, కంచెకి మోకాలు కొట్టుకుంది.

పత్రికాయన కెమెరా వెనక చిన్న తెర మీద దాన్ని చూసి తల పంకించాడు. "అదృష్టవంతులు సార్ మీరు. నాకెప్పుడూ హెల్మెట్ పక్కభాగమే దొరుకుతుంది. మీ అమ్మాయి ఒక్కతే కళ్ళు చూపిస్తోంది."

ఆ మాటకి నేను వారం రోజులు గాల్లో తేలాను. ఆసుపత్రిలో "ఊపిరి బిగపట్టండి" అని చెప్పి, వదలమని చెప్పడం ఒకసారి మర్చిపోయాను కూడా.

ఫోటోలు ఇలా ఉంటే, పందేలు మాత్రం అనుకున్నట్టు సాగడం లేదు. ఆరు, ఐదు, నాలుగు, ఐదు. నాలుగు పందేల్లో పిడుగు వచ్చిన స్థానాలు అవి. చివరిదాంట్లో రెండోస్థానమో అంతకన్నా ముందో వస్తే తప్ప మొదటి ముగ్గురిలోకి చేరే దారి లేదు. ఫ్రిజ్ మీద ఉత్తరంలోని తేదీ రోజురోజుకీ దగ్గరికి జరుగుతోంది.

బండిని చూసుకునేది మేస్త్రి. ఊరి చివర రేకుల షెడ్డులో ఆయన, పిడుగు, నూనె మరకల చొక్కాల్లో బండి కింద దూరి ఉంటే ఎవరి కాళ్ళు ఎవరివో తెలిసేది కాదు. నాలుగో పందెం తర్వాత నేను వెళ్ళేసరికి ఆయన తల పట్టుకుని కూర్చున్నాడు.

"అర్థం కావట్లేదు సార్. అన్నిచోట్లా అమ్మాయి బండి ముందువాళ్ళతో సమానంగానే పోతోంది. మూడో మలుపు దగ్గర అర సెకను మింగేస్తోంది. ప్రతి రౌండులోనూ అంతే. పన్నెండు రౌండ్లకి ఆరు సెకన్లు. రెండో బండికీ మనకీ తేడా అంతే కదా."

"గేర్లేమో?"

"గేర్లు మార్చాను. స్ప్రింగులు మార్చాను. బ్రేకులు రెండుసార్లు విప్పాను. తల ప్రాణం తోకకొచ్చింది."

నా దగ్గర మూడో మలుపు ఫోటోలు సంచీ నిండా ఉన్నాయి. "వీటిలో ఏమన్నా దొరుకుతుందేమో చూద్దాం" అన్నాను పెద్దరికంగా. భూతద్దం తీశాను. అలవాటు చొప్పున ఒక ప్రింటుని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకున్నాను.

"సార్, అది కాగితం. అవతలికి కనపడదు" అన్నాడు మేస్త్రి.

చక్రం చూశాం. ఇరుసు చూశాం. టైరు ఎంత నలుగుతోందో స్కేలు పెట్టి కొలిచాం. పిడుగు కూడా వచ్చి మా భుజాల మీదుగా తొంగి చూసింది. బండి వైపు కాదు, తన వైపు. "భలే తీశావు నాన్నా. అన్నింట్లోనూ నా కళ్ళు కనిపిస్తున్నాయి."

"మీకేమన్నా కనిపించిందా సార్?" అన్నాడు మేస్త్రి.

"తీయడమే నా పని మేస్త్రీ. చదవడం..." అని నవ్వేశాను. ఆయన నవ్వలేదు. ఆ సాయంత్రం పిడుగు ఇంటికొచ్చి ఫ్రిజ్ తెరిచి, నీళ్ళు తాగి, ఆ ఉత్తరం ముందు చాలాసేపు నిలబడింది. నా ప్రాణం ఉసూరుమంది.

ఇంకో మూడు రోజులకి మధ్యాహ్నం డ్యూటీ దిగి ఇంటికి వచ్చాను. భోజనాల బల్ల మీద కూరగిన్నెల్లేవు. జవాబు పత్రాలు కట్టగట్టి కుర్చీలో పెట్టి ఉన్నాయి. బల్లంతా నా ఫోటోలే, రెండు వరసలు. మా ఆవిడ కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, చేతిలో ఎర్ర పెన్నుతో కూర్చుంది. కింది వరస ఫోటోలన్నింటి మీదా ఎర్ర సున్నాలు చుట్టి ఉన్నాయి.

నాకు ఒళ్ళు మండింది. "ఏంటిది? నా ఫోటోలు పాడుచేశావు."

"పాడుచేయలేదు. దిద్దాను."

"ఎప్పుడూ చూడనన్నావు కదా."

"పేపర్లు ఎగిరిపోతున్నాయని బరువుకి మీ కట్ట తీసి పెట్టాను. కళ్ళబడింది." ఆవిడ పెన్నుతో పై వరస చూపించింది. అక్కడున్నవి వేరేవాళ్ళ బండ్లు. "వీళ్ళందరూ ఎటు చూస్తున్నారు?"

"ఎడమకి. మలుపు అటే కదా."

పెన్ను కింది వరసకి దిగింది. ఎర్ర సున్నాలన్నీ ఆకుపచ్చ హెల్మెట్ చుట్టూ ఉన్నాయి. "ఇది?"

డాక్టరుగారు చెబుతారు అనబోయాను. మాట నాలుక చివరిదాకా వచ్చింది. "కుడికి" అన్నాను.

"కుడిపక్కన ఏముంది?"

కుడిపక్కన కంచె ఉంది. కంచెకి కంత ఉంది. కంత వెనక పసుపుపచ్చ టోపీ పెట్టుకుని నేనున్నాను.

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. కళ్ళు బాగా పడ్డాయని ఊరంతా చూపించుకుని తిరిగిన ఫోటోలవి. ఇరవై మూడు. గంటకి నూట నలభై మీద పోతున్నా, పసితనంలో నేర్పినట్టే, నాన్న కెమెరా కనబడగానే అది తల తిప్పుతోంది. నేను ప్రతిసారీ నొక్కుతున్నాను. నా కూతురి కాళ్ళకి నేనే అడ్డం పడుతూ, పడ్డ ప్రతిసారీ ఫోటో తీసి దాచుకున్నాను.

"ఇరవై ఆరేళ్ళనుంచి హాల్లో నిలబడుతున్నానండీ" అంది మా ఆవిడ, ఈసారి మెత్తగా. "ఎవరు ఎటు చూస్తున్నారో నాకు తెలియకుండా పోదు."

షెడ్డుకి ఫోన్ చేసి మేస్త్రికి చెప్పాను. "తల తిరిగితే యాక్సిలరేటర్ మీద కాలు తేలుతుంది సార్. కాలు తేలితే అర సెకను. నేను పిచ్చివాడిలా గేర్లు విప్పుకుంటూ కూర్చున్నాను." పెట్టేసేముందు మళ్ళీ అన్నాడు, "టీచరుగారికి నా దండాలు చెప్పండి."

ఫోన్ పెట్టేసి ఆవిడ వైపు చూశాను. ఫ్రిజ్ మీద ఉత్తరం ఆవిడ వెనకే ఉంది.

"నువ్వు నోరు మెదపకుండా ఉంటే ఇంకో పది రోజుల్లో నీ మాటే నెగ్గేది."

ఆవిడ పెన్నుకి మూత పెట్టింది. "తప్పు కనిపించాక దిద్దకుండా ఎలా వదిలేస్తాను? అది నెగ్గుతుందో ఓడుతుందో దాని చేతిలో ఉండాలి. మీ టోపీ చేతిలో కాదు."

పథకం కూడా ఆవిడే వేసింది. పిడుగుకి ఈ సంగతి చెబితే, చూడకూడదు చూడకూడదు అనుకుంటూ ఇంకా చూస్తుందని నా భయం. కాబట్టి చివరి పందెం జరిగే ఆదివారం నాకు ఆసుపత్రిలో డ్యూటీ పడిందని చెప్పాలి. నేను దొంగచాటుగా వెళ్ళి, మూడో మలుపు ఛాయలకి పోకుండా, ఐదో మలుపు దగ్గర దాక్కోవాలి. "దానికి చెప్పే పని నాకు వదిలేయండి. ఆ రోజు నేనూ వచ్చి మేస్త్రి దగ్గర కూర్చుంటాను" అంది. ఆవిడ పందానికి వస్తాననడం అదే మొదటిసారి.

టోపీని ఇంట్లో కొక్కేనికే వదిలేసి, మేస్త్రి ఇచ్చిన నీలం చొక్కా తొడుక్కుని, పిడుగు బయల్దేరిన గంటకి నేను బయల్దేరాను, మా ఆవిడ నా తర్వాత వస్తానంది. పొట్ట దగ్గర గుండీ పడలేదు. ఐదో మలుపు దగ్గర కంచె లేదు, నడుమెత్తు గోడ ఉంది. దాని వెనక గొంతుక్కూర్చున్నాను. ఎదురుగా గడ్డి మైదానం, దానికి అవతల దూరంగా మూడో మలుపు. నా పాత కంత దగ్గర జనం చీమల్లా కనిపిస్తున్నారు.

పత్రికాయన నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. "సార్, మీ టోపీ ఏది? ఈ చొక్కా ఏంటి? ఎవరికన్నా బాకీనా?"

"తర్వాత చెబుతాను. వంగండి."

ఏమీ అడక్కుండా వంగాడు. మంచి స్నేహితులు అలాగే ఉంటారు.

జెండా ఊపారు. మొదటి రౌండులో పిడుగు ఐదోది. ఎర్ర బండి మలుపులోకి దూసుకొచ్చింది, నేను నడుము తిప్పి నొక్కాను. ఆకుపచ్చ హెల్మెట్ పక్కభాగం. కళ్ళు లేవు. మూడో రౌండుకి నాలుగోది అయింది. ఆరో రౌండుకి ముందు బండి వెనక అతుక్కున్నట్టే ఉంది. తొమ్మిదో రౌండులో మైకులో ఎవరో దాని నంబరు అరిచారు, మూడోది అయిందన్నారు. పన్నెండు రౌండ్లలో నేను తీసినవి పన్నెండు ఫోటోలే, రౌండుకొకటి. చివరి రౌండులో రెండు బండ్లు పక్కపక్కనే వచ్చాయి, నా ముందునుంచి పోయేటప్పటికి ఎర్రబండి ముక్కు ముందుంది. ఒక్కసారి కూడా హెల్మెట్ నా వైపు తిరగలేదు. నాకది అంత సంతోషాన్నిస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

మైకు రెండోస్థానం అని చెప్పగానే పత్రికాయన నన్ను వాటేసుకున్నాడు. నీలం చొక్కాకి మిగిలిన గుండీ కూడా తెగింది.

పందెం అయ్యాక బండ్లన్నీ ఇంకో రౌండు నెమ్మదిగా తిరుగుతాయి. గోడ మీద మోచేతులు ఆనించి, మైదానానికి అవతల మూడో మలుపులో ఎర్రబండి వస్తుంటే పెద్ద లెన్సులోంచి చూశాను. హెల్మెట్ కుడికి తిరిగింది. కంచె వైపు చెయ్యి ఊపింది. పిచ్చిపిల్ల, నేను లేనని తెలిసినా నా చోటు చూసుకుంటోంది అనుకున్నాను. కళ్ళు చెమర్చాయి. తడి కళ్ళతోనే ఒకటి నొక్కాను, పాత పద్ధతిలో, వేగంగా పెట్టిన షట్టరుతో, ఊపిరి బిగపట్టి.

ట్రాకు పక్కన బండ్లు నిలిపే షెడ్డులో ఒకటే సందడి. పిడుగు నన్ను చూసి, "డ్యూటీ అయిపోయిందా నాన్నా" అని అమాయకంగా అడిగింది. నా చొక్కా వంక, పొట్ట వంక చూసి పెదవి కొరుక్కుంది. మా ఆవిడ మేస్త్రి పక్కన స్టూలు మీద, కదలనే కదలనట్టు కూర్చుని టీ తాగుతోంది. ముఖం మాత్రం ఎండకి కందిపోయి ఉంది. రేకుల షెడ్డు కదా, వేడి అనుకున్నాను.

రెండు రోజుల తర్వాత పదమూడు ప్రింట్లూ తెచ్చుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. ఈసారి చదువుదామనే కూర్చున్నాను. పన్నెండూ ఒక్కొక్కటే చూశాను. పన్నెండింట్లోనూ అది ఎటు చూడాలో అటే చూస్తోంది. పదమూడోది తీశాను. దూరంగా మూడో మలుపు, ఎర్రబండి, గాల్లో చెయ్యి, కుడికి తిరిగిన హెల్మెట్. దాని చూపు ఎక్కడికి పోతోందో వేలు పెట్టి ఆ దారినే వెళ్ళాను. కంచె దగ్గర జనం. వాళ్ళ మధ్య, నా కంత ముందు, పసుపుపచ్చ చుక్క ఒకటి.

భూతద్దం పెట్టాను. టోపీ. నాదే. దాని కింద మా ఆవిడ. మునివేళ్ళ మీద లేచి, రెండు చేతులూ పైకెత్తి, నోరు బారెడు తెరిచి అరుస్తోంది.

పాతికేళ్ళ పైన కాపురంలో ఆవిడ అరవగా నేను వినలేదు. టోపీ కొక్కేనికే ఉందా అని తల తిప్పి చూశాను. ఉంది, కాకపోతే నేను తగిలించే కొక్కేనికి కాదు, ఆవిడ చేతిసంచీ కొక్కేనికి.

వంటింట్లోకి వెళ్ళి ఫోటో ఆవిడ ముందు పెట్టాను. "ఇదేంటి?"

ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చూసింది. "ఎండగా ఉంది. పెట్టుకున్నాను."

"మేస్త్రి దగ్గర కూర్చుంటానన్నావు."

"అక్కడినుంచి ఏమీ కనపడదు."

"మరి పిడుగు చూడదా? పసుపు టోపీ కనపడితే?"

"చూడొద్దని చెప్పాను. ముందురోజే అన్నీ చెప్పేశాను, మీ ఫోటోలు, మీ గోడ, మీ చొక్కా. దాచిపెడితే నాన్న ఏడీ అని వెతుక్కుంటుంది. తెలిస్తే వెతకదు. పసుపు టోపీతో మూడో మలుపు దగ్గర నేను కాపలా ఉంటాను, పక్కకి చూశావో పేపరు లాక్కుంటాను అన్నాను." ఆవిడ చేతులు కడుక్కుంది. "ముగింపు జెండా పడ్డాక మాత్రం చూడొచ్చు అన్నాను."

అంటే నాకు కళ్ళు చెమర్చిన ఆ చూపు నాది కాదన్నమాట. కాస్త ఈర్ష్యగా అనిపించింది. దానికి పదింతలు సంతోషమేసింది, దాచుకోవడం నావల్ల కాలేదు. భూతద్దం మళ్ళీ పెట్టి, "ఇంత నోరు తెరిచి ఏమని అరిచావు?" అని అడిగాను.

"మీరు తీస్తారు కదా, చదవడం మీ పని కాదు" అంది, ముఖం అటు తిప్పుకుని. నవ్వు కనబడకూడదనుకుంది గానీ భుజాలు కదులుతున్నాయి.

సాయంత్రం ఆవిడ ఫ్రిజ్ మీద ఉత్తరం తీసింది. పిడుగుని పక్కన కూర్చోబెట్టుకుని, ఉద్యోగంలో చేరలేనందుకు చింతిస్తున్నానని జవాబు రాయించి, అందులో రెండు తప్పులు ఎర్ర పెన్నుతో దిద్ది, మళ్ళీ రాయించింది. ఖాళీ అయిన అయస్కాంతం కింద పదమూడో ఫోటో పెట్టాను. మంచినీళ్ళకి వెళ్ళినప్పుడల్లా దాన్ని చూసి ఆవిడ ఏమీ అనదు, కానీ తీసెయ్యనూ లేదు.

వచ్చే సీజన్‌కి నేనొక కొత్త టోపీ కొనుక్కున్నాను, నీలం రంగుది. పసుపుది అడిగి చూశాను. ఇవ్వనంది.